విద్యాపీఠములు – పరిశ్రమలు – మన కర్తవ్యము

(బడంగ్‌పేటలో జరిగిన పద్మశాలి కుల వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ మహాసభలో విద్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినప్పుడు నేను కొంత సంకోచించితిని. విద్యవలన గౌరవము కలుగుననియు, పేద విద్యార్థులకు వసతిగృహములు కావలయుననియు మన పెద్దలు ఇట్టి వేదికలనుండి పలుమారు బోధించియున్నారు. వారి మాట వృథ పోలేదు. నేడు ఇంజనీరింగు పట్టము గల బిడ్డలు మన వీథివీథినను కానవచ్చుచున్నారు. కావున చెప్పిన మాటనే మరల చెప్పక, చదివినవారు చేయవలసిన తరువాతి కార్యమును మీ సన్నిధిని మనవి చేయదలచితిని. అది పరిశోధన. అందును, కంప్యూటరు, టెలిఫోను మొదలగు వార్తావిద్యలయందు విశ్వవిద్యాలయములును పరిశ్రమలును చేయి కలిపి చేయు పరిశోధన.

ఇది మనకేల యని మీలో కొందఱు తలపవచ్చును. మనము కూర్చున్న యీ చోటినే చూడుడు. ఈ బడంగ్‌పేటకు సమీపముననే ఇమారత్ పరిశోధన కేంద్రమున్నది. 1988లో ప్రారంభమైన క్షిపణి పరిశోధనాలయమది. శ్రీశైలము త్రోవను పోయినచో రావిర్యాలయందు, కంప్యూటరు విద్యలో దేశమునకు పేరుదెచ్చిన సీ-డాక్ సంస్థయొక్క హైదరాబాదు శాఖ యున్నది. మనము నిత్యము ఆ ప్రహరీగోడల ప్రక్కనుండియే పోవుచున్నాము. గోడ లోపల నేమి జరుగుచున్నదో, అందు మన బిడ్డల కేమి పాత్రమున్నదో విచారింపకున్నాము.

ఆ గోడల చరిత్రలో నొక యధ్యాయము వినదగియున్నది. 1983లో మన దేశము క్షిపణుల నిర్మాణమునకు సమగ్రమైన యొక ప్రణాళికను చేపట్టెను. డాక్టరు అబ్దుల్ కలాంగారు దానికి నాయకులు. 1987లో కొన్ని ధనిక దేశములు కూడి, క్షిపణులకు సంబంధించిన పరికరములను, విద్యను ఇతరుల కీయరాదని కట్టడి చేసికొనెను. అడిగినను దొరకని వస్తువును స్వయముగా చేసికొనక తప్పదుగదా. అంతకుముందే కలాంగారు కర్మాగారములను, ప్రయోగశాలలను మాత్రమేగాక విశ్వవిద్యాలయములనుకూడ ఈ పనిలోనికి పిలిచియుండిరి. పృథ్వి గమనమును నిర్దేశించు గణితపద్ధతిని జాదవ్‌పూరు విశ్వవిద్యాలయమువారును, ఆకాశ్‌కు కావలసిన సాఫ్టువేరును బెంగుళూరు విజ్ఞానసంస్థ విద్యార్థులును సిద్ధపఱచిరి. నాగ్ క్షిపణికి కావలసిన సంకేతవిశ్లేషణ పద్ధతులను సిద్ధపఱచినది మన ఉస్మానియా విశ్వవిద్యాలయములోని నావిగేషనల్ ఎలక్ట్రానిక్సు పరిశోధన శిక్షణ కేంద్రము. ఈ సంగతులను కలాంగారే తమ యాత్మకథలో వ్రాసియున్నారు.

సంకేతవిశ్లేషణ మనగా నేమి? క్షిపణి కంటికి కనబడునది స్వచ్ఛమైన చిత్రము కాదు. ఎండవేడిమి, నేలవేడిమి, దుమ్ము, అన్నియు కలిసిన గందరగోళము. అందులో శత్రువు టాంకు ఏదియో క్షణములో వేఱుచేయవలయును. వేల పోగుల పడుగులో తెగిన పోగును ఒక్క చూపున పట్టు నేతగాని కన్ను మీరెఱుగుదురు. ఆ కన్నును గణితముగా మార్చుటయే ఆ విద్య.

ఇచ్చట గమనింపవలసిన దొకటి యున్నది. ప్రయోగశాలకు చిక్కు ప్రశ్న యున్నది, తీఱిక లేదు. విశ్వవిద్యాలయమునకు తీఱిక గల యువకులు, గ్రంథములు, గురువు లున్నారు. నిజమైన ప్రశ్న లేదు. పడుగున్నచోట పేక లేదు, పేకయున్నచోట పడుగు లేదు. రెండును మగ్గముపై కలిసిననే బట్ట. ఇదియే నేను చెప్పదలచిన భాగస్వామ్యమునకు మూలసూత్రము.

కంప్యూటరు మనకు క్రొత్త చుట్టము కాదు. 1804లో ఫ్రాన్సు దేశమున జకార్డు అను నాతడు చిల్లులు పొడిచిన యట్టలతో పువ్వుల బట్ట నేయు మగ్గమును కల్పించెను. చిల్లు ఉన్నచో పోగు లేచును, లేనిచో లేవదు. ఇంగ్లండులో బాబేజి యను గణితజ్ఞుడు తాను తలపెట్టిన గణకయంత్రమునకు ఆ యట్టలనే గ్రహించెను. 1890లో అమెరికా జనాభా లెక్కలు చిల్లుల కార్డులతోనే జరిగెను. నేటి కంప్యూటరు పూర్వులలో మగ్గమొకటి యని చెప్పిన నతిశయోక్తి కాదు.

మన హైదరాబాదు చరిత్రయు నీ సూత్రమునే చాటుచున్నది. ట్రాంబేలోని అణుపరిశోధన కేంద్రములో పుట్టిన ఎలక్ట్రానిక్సు విద్యను కర్మాగారమునకు తెచ్చుటకై 1967లో ఇచ్చట ఇ.సి.ఐ.ఎల్. స్థాపితమయ్యెను. దానికి ప్రాణము పోసినవారు అయ్యగారి సాంబశివరావుగారు. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అను కంప్యూటరు 1969లో ఇ.సి.ఐ.ఎల్. నుండి వెలువడెను. 1998లో ప్రభుత్వమును పరిశ్రమలును కలిసి గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక విద్యాసంస్థను నెలకొల్పెను. దాని పాలకమండలికి పెక్కేండ్లు అధ్యక్షులుగా నుండిన రాజ్ రెడ్డిగారు చిత్తూరు జిల్లా కాటూరు గ్రామమున పుట్టినవారు. తమ కుటుంబమున కళాశాల మెట్లెక్కిన మొదటివారు. 1994లో కంప్యూటరు విద్యలో అత్యున్నతమైన ట్యూరింగు పురస్కారమును పొందినవారు. ఆ సంస్థ తక్కిన విద్యాసంస్థలతో కలిసి, 11 సంస్థల కూటమిగా, తెలుగును హిందీలోనికిని, ఇతర భాషలలోనికిని అనువదించు సంపర్క్ అను యంత్రానువాద వ్యవస్థను నిర్మించినది.

ఇటీవలి మాట యొకటి. అయిదవ తరము టెలిఫోను పరికరములను పరీక్షించుకొను ప్రయోగవేదికను మన దేశమందే నిర్మింప సంకల్పించి, 2018లో పని యారంభించిరి. మద్రాసు ఐ.ఐ.టి. మొదలుగా 8 సంస్థలు కలిసి సుమారు 220 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మించిన ఆ వేదిక 2022 మే 17న ప్రారంభమయ్యెను. ఆ ఎనిమిదింట మన కంది గ్రామములోని హైదరాబాదు ఐ.ఐ.టి. యొకటి. దానివలన చిన్న సంస్థలవారు తమ పరికరములను పరీక్షకై విదేశములకు మోసికొనిపోవలసిన బాధ తగ్గినది.

అయినను, భూమి యిచ్చి రోడ్డు వేసినంతమాత్రమున విద్య మొలకెత్తదు. 2006లో మన సమీపముననే రావిర్యాల, తుక్కుగూడ ప్రాంతమున చిప్పుల కర్మాగారమునకై యొక నగరమునే తలపెట్టిరి. నాడు ఎన్ని యాశలు పెట్టుకొంటిమో ఇచ్చటివారికి జ్ఞాపకముండును. తలచిన చిప్పుల కర్మాగారము లేవలేదు. పిమ్మట ఆ భూములయందు వేఱు పరిశ్రమలు వచ్చినవి, అది సంతోషమే. కాని, ప్రశ్న పట్టుకొని సంవత్సరములకొలది కూర్చుండు మనుష్యులను తయారుచేసికొననిదే ఎంతటి భూమియు చాలదని నాకు తోచుచున్నది.

మన చుట్టును కళాశాలలున్నవి, విద్యార్థులున్నారు. ఏమి కొఱత? నా యింటి సంగతియే చెప్పెదను. నా యన్న కుమారుడు ఇంజనీరింగు కడపటి సంవత్సరమున నుండగా ప్రాజెక్టునకు డబ్బు కావలయునని యడిగెను. పరికరముల కని తలచి యిచ్చితిని. పిదప తెలిసిన దేమనగా, దిల్‌సుఖ్‌నగరులో నొక దుకాణమున సిద్ధముగా నున్న ప్రాజెక్టును, దాని నివేదికతోసహా, కొని తెచ్చెను. పరీక్షయు నెగ్గెను. నేను మందలింపగా వాడు తల వంచుకొని, “చిన్నాయనా, తప్పే. కాని మేము విప్పవలసిన చిక్కు ఇది యని మాకెవ్వరైన చూపిరా?” యని యడిగెను. సోదరులారా, ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను. డబ్బిచ్చినవాడను నేను, దేనికని విచారింపనివాడనుకూడ నేనే. నాటినుండి ఆ ప్రశ్న నన్ను వెంటాడుచున్నది.

చిక్కులు లేకకాదు. మన యిండ్లలోనే యున్నవి. ఆలేరు సమీపమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశముగారిని మీరెఱుగుదురు. ఒక చీరకు ఆసు పోయుటకు తల్లి లక్ష్మమ్మగారు చేతిని సుమారు 9,000 మారు లాడింపవలసి వచ్చుట చూచి, ఆమె భుజముల నొప్పికి తాళలేక, 1992లో యంత్రము చేయ పూనుకొనెను. పెద్ద చదువు లేదు, ధనము లేదు, ఊరివారి పరిహాసము మాత్రము పుష్కలముగ నుండెను. బాలానగరులో కూలిపని చేయుచు, అచ్చటి యొక యంత్రము కదలికను చూచి, మిగిలిన చిక్కును విప్పుకొనెను. 1999లో ఆసు యంత్రము పూర్తియయ్యెను. దానికి తల్లి పేరే పెట్టెను. పెక్కు గంటల పని గంటన్నరకు దిగెను. 2017లో ప్రభుత్వము పద్మశ్రీ నిచ్చి గౌరవించెను. మనమందఱము గర్వించితిమి, సన్మానించితిమి.

కాని ఆ యేడేండ్లను తలచుకొనుడు. ఆ కాలమున ఇంజనీరింగు కళాశాల యేదేని ఆయన ప్రశ్నను చేపట్టియుండినచో, ఆ చేతి కదలికను కొలిచి, మోటారును, దానిని నడపు చిప్పును అమర్చి యిచ్చుటకు ఏడేండ్లు పట్టునా? ఒకవైపు చిక్కు గలవాడు యంత్రమునకై ఊరూర తిరుగుచుండెను. మఱొకవైపు నేడు యంత్రవిద్య నేర్చినవాడు చిక్కు దొరకక దుకాణమున ప్రాజెక్టు కొనుచున్నాడు. ఈ యిద్దఱిని కలుపువారు లేకపోవుటయే మన దారిద్ర్యము.

అయితే మఱియొక హెచ్చరిక చేయకున్న నా ధర్మము నెఱవేఱదు. భాగస్వామ్యమనగానే మేలని తలపరాదు. మన పెద్దలకు సావుకారు నూలిచ్చి బట్ట తీసికొనుట తెలియును. మగ్గము మనది, చేయి మనది, కన్ను మనది. చివరకు మిగిలినది మజూరీ. పరిశోధనలోను అదియే జరుగవచ్చును. కంపెనీ ప్రశ్న నిచ్చును, కొంత ద్రవ్యమిచ్చును. ఫలితమును, పేటెంటును, పేరునుగూడ తీసికొనిపోవును. విద్యార్థికి ప్రశంసాపత్రము మిగులును. 1980లో అమెరికాలో, ప్రభుత్వధనముతో విశ్వవిద్యాలయము కనిపెట్టినదానిపై విశ్వవిద్యాలయమునకే హక్కుండునట్లు చట్టము చేసిరి. జర్మనీలో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయమును ఫ్రౌన్‌హోఫర్ సంస్థయు కలిసి 1980ల నాటినుండి చేసిన కృషివలన, నేడు మీ చేతి టెలిఫోనులో పాట నిముడ్చు ఎం.పి.3 పద్ధతి పుట్టెను. దాని లైసెన్సు రుసుములు మరల పరిశోధనకే చేరెను. ఇట్టి విషయములను ముందే వ్రాసికొనుట మేలు. కాగితమున లేని మాటను కోర్టున నిరూపించుట కష్టము.

ఇక కర్తవ్యము. మూడు మనవులు.

మొదటిది. మన సంఘమిచ్చు విద్యార్థివేతనములలో కొన్నింటిని ప్రశ్న తెచ్చినవారి కిచ్చుటకు ప్రత్యేకింపుడు. పోచంపల్లికో, పుట్టపాకకో, సిరిసిల్లకో పోయి, నెల దినములు మగ్గముల ప్రక్క కూర్చుండి, ఒక నిజమైన చిక్కును వ్రాసి తేవలయును. చిటికి కట్టుటలో గుర్తు తప్పుట కావచ్చును. పవర్‌లూము పోగు తెగుటను ముందే పసిగట్టుట కావచ్చును. సొసైటీ లెక్కలు తెలుగులో చెప్పిన వ్రాసికొను యంత్రము కావచ్చును. చేసిన పనిని, విఫలమైనను సరే, వచ్చు మహాసభలో మన యెదుట చెప్పవలయును. కొని తెచ్చినది ఇట్టి పరీక్షకు నిలువదు. ఆసు పోసి భుజములు అరిగినవారు స్త్రీలు. కావున ఆడబిడ్డలకు ఇందు సగము తక్కువ కారాదు.

రెండవది. కళాశాలల ఆచార్యులను, పరిశ్రమలవారిని ఏటేట నొకనాడు నేతగాండ్రతో ఒక చోట కూర్చుండబెట్టుడు. అందు మన కులము వారే యుండవలయునని నియమము వలదు. పోగు ఏ కులమువాడు వడికినను బట్టలో కలియును.

మూడవది. మనలో న్యాయవాదులు, ఉద్యోగము చాలించిన ఇంజనీర్లు కలరు. విద్యార్థి కంపెనీతో నొడంబడిక వ్రాసికొనునప్పుడు దానిని ఉచితముగ చదివిపెట్టు చిన్న మండలి నేర్పఱచుడు. పేరు ఎవ్వరిది, హక్కు ఎంత, ప్రకటింపవచ్చునా లేదా, ఈ మూడు మాటలు చూచిన చాలును.

వసతిగృహమునకు పైకప్పు వేయవలసియున్నది, కల్యాణమంటపము మిగిలియున్నది, ఈ నడుమ పరిశోధన యేమిటని కోశాధికారిగారు అడుగవచ్చును. వారి మాట న్యాయమే. పైకప్పు ముందు వేయుడు, బిడ్డ తడియరాదు. మంటపపు తోరణద్వార మొక్కయేడు ఆగినను పెండ్లిండ్లు ఆగవు. ఆ ద్వారపు ఖర్చుతో నలుగురు బిడ్డలు ఒక యేడు ప్రశ్నతో కూర్చుండగలరు. అందు ముగ్గురు విఫలులైనను, నాలుగవవాని పనివలన ఎవ్వరో యొక తల్లి భుజము నొప్పి తగ్గవచ్చును.

నా యన్న కుమారుడు నేడు ఈ సభలో వెనుక వరుసను కూర్చుండియున్నాడు. వాని సమ్మతితోనే ఆ కథ చెప్పితిని. మొదటి ప్రశ్న తానే తెచ్చెదనని నాకు మాట యిచ్చియున్నాడు. పేరు వ్రాయించుకొనదలచినవారు సభానంతరమున వానిని కలిసికొన ప్రార్థన.