ఏ వయసుకు ఏ ప్రశ్న

బడిలో క్విజ్ పెట్టాలంటే ప్రశ్నలకు కొదవ లేదు. ఏది ఏ తరగతికి తగునో తేల్చడమే కష్టం. చిన్న పేర్లు చిన్నవాళ్లకు, పెద్ద తేదీలు పెద్దవాళ్లకు అని పంచేయడం మామూలైపోయింది. నేననేది, జవాబు ఎంత పొడుగన్నది కాదు, పిల్లల బుద్ధి అక్కడిదాకా ఎంత ఆలోచించాలన్నది చూడాలి. ఆ ఆలోచన వాళ్లు కళ్లారా చూసినదాంతో మొదలవ్వాలి.

భద్రాచలం దగ్గర గోదావరినే తీసుకుందాం. వరదొస్తే నీళ్లు ఏ రంగులో ఉంటాయని ఏడేళ్ల పిల్లను అడగొచ్చు. చూసింది చెబితే చాలు. మూడో ప్రమాద హెచ్చరిక ఎన్ని అడుగులకు ఇస్తారన్నది పదేళ్లవాళ్లకు తగిన ప్రశ్న. 43, 48, 53 అన్న అంకెలు వానాకాలంలో చెవిన పడుతూనే ఉంటాయి. ఇక్కడ చినుకు లేకపోయినా గోదావరి ఎందుకు పెరుగుతుందన్నది పద్నాలుగేళ్లవాళ్లకు. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి తెచ్చే నీళ్లు వాళ్లకు తట్టాలి. శబరి కలిసేది దిగువన, కూనవరం దగ్గర కదా, అది పోటెత్తితే భద్రాచలంలో వరద ఎందుకు తొందరగా తగ్గదు? ఈ జవాబులో అంకె లేదు, తేదీ లేదు. అయినా నాలుగింటిలో కష్టమైనది ఇదే. 1986లో నీటిమట్టం 75.6 అడుగులకు చేరిందన్న సంగతి బట్టీపట్టిన ఎనిమిదేళ్లవాడూ చెప్పేస్తాడు.

ఊరి సంగతులే అడిగితే లోకజ్ఞానం ఎలా వస్తుందని అడుగుతారు. న్యాయమైన సందేహమే. గోదావరి వరద అర్థమైన పిల్లను, వానలు దాదాపు పడని ఈజిప్టులో ఒకప్పుడు నైలుకు ఏటా వరద ఎలా వచ్చేదని అడిగి చూడండి. ఇథియోపియా కొండల పేరు తెలియకపోయినా ఎగువన ఎక్కడో వాన పడిందని పోల్చుకుంటుంది. ఒకే వయసువాళ్లకు ఒకే ప్రశ్న న్యాయం కాదా అన్నది ఇంకో మాట. ఇప్పపువ్వు ఏ వేళ రాలుతుందో దుమ్ముగూడెం వైపు అడవి అంచున పువ్వు ఏరే ఆరేళ్ల కోయపిల్లకు తెలుసు, తెల్లవారుజామున అని. ఖమ్మం పట్టణంలో పదో తరగతి చదివే పిల్లవాడికి తెలియకపోవచ్చు. ఇద్దరూ కూర్చునే పోటీలో ఇద్దరి లోకాల నుంచీ సమంగా ప్రశ్నలు రావాలి. ఇంట్లో కోయ మాట్లాడే చిన్నపిల్లలను తెలుగులో అడిగేటప్పుడు వాక్యం పొట్టిగా ఉండాలి. "వీటిలో కానిది ఏది" అన్న మెలిక అసలే వద్దు.

ఇల్లంతా కలిసి ఆడే పోటీలో మరో జాగ్రత్త. భద్రాచలం ఏ జిల్లా అంటే 1959కి ముందు బడికెళ్లిన తాత తూర్పుగోదావరి అంటాడు, కొడుకు ఖమ్మం అంటాడు, 2016 తర్వాత బడిలో చేరిన మనవరాలు భద్రాద్రి కొత్తగూడెం అంటుంది. ముగ్గురూ చెప్పింది నిజమే కాబట్టి, ఏ సంవత్సరం సంగతి అడుగుతున్నారో ప్రశ్నలోనే రాయండి.