అన్నము మానిన బిడ్డ



బిడ్డ అన్నము తినక మారాము చేయుట మన యిండ్లలో క్రొత్త సంగతి కాదు. చందమామను చూపియో, కాకిని పిలిచియో, కథ చెప్పియో తల్లి నాలుగు ముద్దలు నోట పెట్టును. అట్టి మారామును గూర్చి నేడు నేను ప్రసంగింపబోవుట లేదు. నిన్నటివరకు చక్కగా తిని, ఆడి, పాడి, చదువుకొనుచుండిన బిడ్డ యొక్కనాడు హఠాత్తుగా అన్నమును చూచి భయపడుట గలదు. కంచము ముందుంచిన వణకును. ముద్ద నోట పెట్టిన ఉమియును. మంచినీళ్లు సైతము మ్రింగనని యేడ్చును. ఆకలి లేక కాదు. ఆకలి యుండియు తినజాలకుండుట. దీనిని మనము మొండితనమందుము, దిష్టి యందుము, గాలి సోకినదందుము. ఇది యొక వ్యాధి కావచ్చునన్న తలంపు మనకు చివరకుగాని తట్టదు. ఆ తలంపు ముందుగా తట్టవలెనన్నదే యీ ప్రసంగమున నా కోరిక.

మొదట నా తప్పిద మొకటి చెప్పుకొందును. 1993వ సంవత్సరమున నే నొక పల్లెటూరి పాఠశాలలో ఉపాధ్యాయుడను. నాలుగవ తరగతిలో తొమ్మిదేండ్ల బాలిక యొకతె యుండెను. ఆమె దస్తూరి ముత్యములవలె నుండెడిది. ఒక వారము దినములలో ఆ దస్తూరి చెడిపోయెను. అక్షరములు గీతల మీద నిలువక క్రిందికి మీదికి పరుగెత్తసాగెను. అజాగ్రత్త యనుకొని అరచేతిమీద బెత్తముతో కొట్టితిని. కొట్టునప్పుడు సైతము ఆ చేయి కదలుచునే యుండెను. నన్ను వెక్కిరించుచున్నదని మరియొక దెబ్బ కొట్టితిని.

మధ్యాహ్నము క్యారియరు విప్పి, అన్నమును పరీక్షగా చూచి, మరల మూసివేయుట కొన్నిదినములు గమనించి, "ఎందుకే తినవు?" అని అడిగితిని. "గొంతులో అడ్డం పడుతుంది మాస్టారూ, చచ్చిపోతానండీ" అనెను. నేను నవ్వి, "అన్నం లేక చచ్చినవాళ్లున్నారు గాని, అన్నం తిని చచ్చినవాళ్లెవరే!" అంటిని. తరగతి యంతయు నవ్వెను. ఆ బిడ్డ మరి మాటాడలేదు.

ఇంట ఆమె నాయనమ్మ ఉప్పు మిరపకాయలు దిగదుడిచెను. పొరుగూరి నుండి యొకడు వచ్చి తాయెత్తు కట్టెను. మూడువారములలో ప్రక్కటెముకలు లెక్కింప వీలగునట్లయ్యెను. ఒకనాడు తరగతిలో సొమ్మసిల్లి పడిపోగా, ఆమె తండ్రియు నేనును బస్సులో పట్టణపు టాసుపత్రికి తీసికొనిపోతిమి. నాయనమ్మయు వెంట వచ్చెను.

అచ్చటి వైద్యుడు మేమెవ్వరము అడుగని ప్రశ్న నడిగెను: "ఈ మధ్య పాపకు గొంతునొప్పి, జ్వరం వచ్చాయా?" నాయనమ్మ కొంచెము తలపోసి, "రెండు నెలలయిందయ్యా. మూడు రోజులు కాసింది. మిరియాల కషాయం ఇస్తే తగ్గిపోయింది" అనెను. అంతట వైద్యుడు ఆ బిడ్డను నాలుక చాపి నిలుపుమనెను. నాలుక లోనికి బయటికి కదలుచు నిలువకపోయెను. తన రెండు వ్రేళ్లను గట్టిగా పట్టుకొమ్మనెను. ఆ పట్టు బిగియుచు సడలుచు, పాలు పిదుకు చేతివలె నుండెను. పిమ్మట గుండె విని, "ఇది గొంతులో పుట్టి మెదడుకు సోకిన జబ్బు. పాప కావాలని చేస్తున్నది కాదు" అని నావైపు చూచి చెప్పెను. నేను కొట్టిన సంగతి ఆయనకు తెలియదు. నాకు మాత్రము తెలియును.

ఈ వ్యాధికి సిడెన్‌హాం కొరియా యని పేరు. కొరియా యనగా గ్రీకు భాషలో నృత్యము. థామస్ సిడెన్‌హాం అను నాంగ్లేయ వైద్యుడు 1686వ సంవత్సరమున దీనిని వర్ణించెను. అంతకుముందు ఐరోపా జనులును మనవలెనే దీనిని దైవకృత్యముగా భావించి, సెయింట్ వైటస్ అను పుణ్యపురుషుని నాట్యమని పిలిచి, ఆయనకు మ్రొక్కుకొనెడివారు. కావున మన నాయనమ్మలను మాత్రమే పరిహసింప పనిలేదు. తెలియనిచోట మ్రొక్కుట లోకస్వభావము. తెలిసిన పిదప ఆలస్యము చేయుట తప్పు.

గొంతులోని వ్యాధి మెదడుకెట్లు సోకును? స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి పిల్లల గొంతున చేరి నొప్పిని, జ్వరమును కలిగించును. దానిని జయించుటకు శరీరము ప్రతిరక్షకములను సృజించును. ఇవి ఊరికావలివారి వంటివి. ఐతే ఆ సూక్ష్మజీవి పైపొరలోని కొన్ని భాగములకును, మన గుండె, కీళ్లు, మెదడులలోని కొన్ని భాగములకును పోలిక యున్నది. చీకటిలో దొంగను తరుము కావలివాడు, దొంగవలె కంబళి కప్పుకొనిన యింటి యజమానినే పట్టి కొట్టినట్లు, కొందరు పిల్లలలో ప్రతిరక్షకములు తమ శరీరమునే బాధించును. గుండెను బాధించిన కవాటములు చెడును. కీళ్లను బాధించిన వాపులు కలుగును. మెదడు లోపలి భాగమున నడకను, అలవాట్లను, భయమును నడపు కేంద్రములను బాధించిన చేతులు వాటంతట నవి కదలును, వింత భయములు పుట్టును. ఇట్టి గుండెజబ్బు మన దేశమునం దింకను గలదు కనుక, యీ సంగతి మనకు దూరపుది కాదు.

అమెరికాదేశమున జాతీయ మానసికారోగ్య సంస్థలో పనిచేసిన సూజన్ స్వీడో అను వైద్యురాలు, సిడెన్‌హాం కొరియా గల పిల్లలలో అనేకులకు చేతులు మాటిమాటికి కడుగుకొనుట, వదలని చెడుతలంపులు మున్నగునవి యుండుట గమనించెను. పిమ్మట, నృత్యమువంటి కదలికలు లేకయే, గొంతువ్యాధి తరువాత హఠాత్తుగా నిట్టి తలంపులు గాని, కనురెప్పలు కొట్టుకొనుట, మెడ విసరుట వంటి చేష్టలు గాని కలిగిన 50 మంది పిల్లల వృత్తాంతమును ఆమెయు, సహచరులును 1998లో ప్రకటించిరి. ఆ స్థితికి పాండాస్ అని పేరిడిరి. గొంతువ్యాధియే కాక యితర కారణములచేతను ఇట్టిది కలుగవచ్చునని తోచి, 2012లో పాన్స్ అను విశాలమైన పేరును నిర్ణయించిరి. ఈ రెండవ నిర్ణయమున, వదలని తలంపుల వ్యాధితో పాటు, ఆహారమును హఠాత్తుగా, తీవ్రముగా మానివేయుట సైతము ప్రధాన లక్షణముగా నంగీకరింపబడినది. అన్నము మానుట దుర్గుణము కాదు, రోగలక్షణము కావచ్చునని వైద్యశాస్త్రమే వ్రాసికొన్నదన్నమాట.

ఈ పిల్లలేల తినరు? బిడ్డకొక్క భయము. అన్నములో మలినమున్నదని, విషమున్నదని యొకనికి. గొంతులో నడ్డుపడునని యొకతెకు. వాంతి యగునని మరియొకనికి. కొందరికి నిన్నటి వరకు ప్రియమైన పెరుగు వాసనయే నేడు దుర్భరమగును. ఎవరైన తాకిన కంచమును ముట్టనివారును గలరు. 2015లో ఇట్టి 29 మంది పిల్లలను గూర్చి ప్రకటింపబడిన పరిశీలనలో బాలురే యెక్కువ. బక్కగా నుండవలెనను కోరికతో పస్తుండు యువతుల వ్యాధి వేరు, ఇది వేరు. మన ప్రాచీనులును మాధవనిదానమున అరోచకమును వర్ణించుచు, వాతపిత్తకఫములతో పాటు శోకమును, భయమును, రోత పుట్టించు రూపగంధములను సైతము కారణములుగా చెప్పియున్నారు. వారు చెప్పినది ఈ వ్యాధియే యని నేననను. భయము ఆకలిని మ్రింగునని మాత్రము వారెరుగుదురు.

దీనిని గుర్తించుటెట్లు? మొదటి గుర్తు హఠాత్తుతనము. ఏనాడు మొదలయ్యెనో తల్లి తేదీ చెప్పగలుగును. రెండవది, అన్నము మానుట యొక్కటే యుండదు. తల్లిని వదలి యుండలేకపోవుట, కారణములేని కోపము, ఏడుపు, చిన్నబిడ్డవలె ముద్దుమాటలాడుట, చదువు మందగించుట, దస్తూరి చెడుట, నిద్రపట్టకుండుట, ప్రక్క తడుపుట, మాటిమాటికి మూత్రమునకు పోవుట—వీనిలో కొన్ని కూడ వచ్చును. మూడవది, కొన్ని వారములకు లేక నెలలకు ముందు వచ్చిన గొంతునొప్పియో జ్వరమో. చిన్ననాటినుండియు కొన్ని పదార్థములే తిను బిడ్డకు ఈ వ్యాధి యున్నదని యెంచవలదు. నులిపురుగులు, క్షయ, కడుపులోని జబ్బులు మున్నగునవి సైతము ఆకలిని చెరచును. వానిని వైద్యుడే పరీక్షించి తేల్చవలెను.

ఈ విషయమున వైద్యులలో అభిప్రాయభేదము గలదని దాచక చెప్పవలెను. గొంతులో నీ సూక్ష్మజీవి యుండుట పిల్లలలో సామాన్యము. కొందరి గొంతులలో ఏ బాధయు కలిగింపక యుండును. కావున ఒక బిడ్డ భయమునకు ఇదియే కారణమని నిర్ధారించుట కష్టమని కొందరందురు. ఒక్క రక్తపరీక్షతో తేలునది కాదు. ఐనను బిడ్డ బాధ నిజమనుటలో భేదము లేదు.

చికిత్స మూడు విధములు. గొంతున సూక్ష్మజీవి యున్నచో పెన్సిలిన్ వంటి మందు, వైద్యుడు చెప్పినన్ని దినములు, సామాన్యముగా పదిదినములు, పూర్తిగా వాడవలెను. జ్వరము తగ్గెనని మూడవనాడే మానరాదు. మందుల దుకాణమున మనమే అడిగి తెచ్చుకొనరాదు. గుండెకు గాని, కొరియా గాని వచ్చిన బిడ్డకు మూడు నాలుగు వారములకొక సూదిమందు సంవత్సరముల తరబడి వేయించవలసి వచ్చును. పొలముపనుల నడుమ నీ సూదిని మరచుటవలన చెడిన గుండెలు గలవు. రెండవది, భయమునకు చికిత్స. ఒకనాడు ఆ పదార్థమును చూచుట, మరునాడు తాకుట, పిమ్మట నాలుకకు తగిలించుట—ఇట్లు మెట్టుమెట్టుగా నడిపించెదరు. మూడవది, తీవ్రస్థితిలో రోగనిరోధక శక్తి దురుసును తగ్గించు మందులు. వీని ఫలమును గూర్చిన పరిశోధన యింకను కొద్దిపాటిదే. పెద్ద యాసుపత్రిలో నిపుణులే నిర్ణయింపవలెను.

ఇంట పాటింపవలసినవి కొన్ని గలవు. ముక్కు మూసి బలవంతముగా మ్రింగింపవలదు. అది భయమును నిజము చేయును. కొట్టవలదు, నవ్వవలదు. "ఇది శుభ్రమేనా?" అని బిడ్డ నూరుసార్లడిగిన నూరుసార్లు ఒట్టు పెట్టవలదు, ఒకసారి శాంతముగా చెప్పి, మాట మరల్చవలెను. మ్రింగగలిగినది జావయో, మజ్జిగయో, పాలో, దానినే కొంచెము కొంచెముగా, వేళతప్పక ఈయవలెను. అనేక దినములు పస్తున్న బిడ్డకు ఒక్కసారిగా కడుపునిండ పెట్టుట ప్రమాదము. వైద్యుని సలహాతో పెంచవలెను. నీళ్లును త్రాగకున్న, మూత్రము తగ్గిన, తూలిపడిన, ఆయాసపడిన, కీళ్లు వాచిన, తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి కొనిపోవలెను.

పెద్దలారా, పల్లెలో బిడ్డకు జబ్బు చేసిన తల్లి మొదట మీ మాట కొరకు చూచును. మీరు దిష్టి తీయుమన్న తీయును; తాయెత్తు కట్టుమన్న కట్టును. ఆ నమ్మకమును నేను కాదనను. దిష్టి తీయుటకు పట్టునది ఒక గడియ. తీసిన వెంటనే బస్సెక్కుమని చెప్పుడు. మంత్రము పారునేమో యని వారము దినములు వేచియుండుటయే బిడ్డను క్రుంగదీయునది. తల్లి పెంపకము చెడ్డదని, బిడ్డ పొగరుబోతని తీర్పు చెప్పుటకు ముందు, "ఈ మధ్య గొంతునొప్పి వచ్చెనా?" అని యొక్క ప్రశ్న అడుగుడు. ఆ ప్రశ్నకు చదువు అక్కరలేదు. ఆనాడు నాకు చదువుండియు అది తట్టలేదు.

నేను చెప్పిన బాలిక కోలుకొనెను. మొదట గరిటెడు గంజి, పిమ్మట మెత్తని పెరుగన్నము, నాలుగు మాసములకు అందరితో కూర్చుండి భోజనము. దస్తూరి మరల కుదురుకొనెను. ఆమె బడికి తిరిగివచ్చిన దినమున నేను బెత్తమును బల్ల సొరుగులో పెట్టి తాళము వేసితిని. ఉద్యోగము విరమించునాటి వరకు ఆ తాళము తీయలేదు.