కాలానికి పద్దు: సేవా సంస్థల నిర్వహణ సాఫ్ట్‌వేర్

కిరాణా కొట్టులో ఇవాళ అమ్ముడుపోని కందిపప్పు రేపు అమ్ముడుపోతుంది. ఏసీలు బాగుచేసే సంస్థలో ఇవాళ ఖాళీగా గడిచిపోయిన టెక్నీషియన్ గంట రేపటికి మిగలదు. లిఫ్టుల మరమ్మతు, చీడపురుగుల నివారణ, సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, ఆడిటర్ల కార్యాలయం, భవనాల డిజైనింగ్ వంటి సేవా సంస్థలన్నీ అమ్మేది మనుషుల సమయాన్ని, నైపుణ్యాన్ని. గోదాములో లెక్కపెట్టే సరుకు ఉండదు కాబట్టి నష్టం వచ్చినా వెంటనే కంటికి ఆనదు. ఆ సమయాన్ని పద్దులోకి తేవడమే నిర్వహణ సాఫ్ట్‌వేర్ పని.

వ్యాపార సాఫ్ట్‌వేర్ మొదట పెరిగింది కర్మాగారాల చుట్టూ. 1972లో ఐబీఎం వదిలి వచ్చిన ఐదుగురు ఇంజనీర్లు జర్మనీలో ఎస్‌ఏపీ సంస్థను స్థాపించారు. దాని తొలి ఖాతాదారు ఐసీఐ అనే రసాయన సంస్థకు చెందిన నైలాన్ కర్మాగారం. మన దేశంలో 1986లో బెంగళూరులో మొదలైన ట్యాలీ చిన్న వ్యాపారుల చిట్టా ఆవర్జాలను కంప్యూటరులోకి తెచ్చింది. కర్మాగారానికి ముడిసరుకు, దుకాణానికి స్టాకు ఎలాంటివో సేవా సంస్థకు ఒక్కో పనికి తెరిచే జాబ్ కార్డు అలాంటిది. ఏ సాఫ్ట్‌వేర్ అయినా ఆ కార్డును ఫోను వచ్చిన క్షణం నుంచి డబ్బు చేతికందే దాకా వెంటాడగలగాలి.

విజయవాడలో మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ దగ్గర ఒక ఇంట్లో ఏసీ చల్లదనం ఇవ్వడం మానేసిందనుకుంటే, పాత పద్ధతిలో ఆ కబురు ఒక నోటుబుక్కులోనో యజమాని వాట్సాప్‌లోనో పడి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉన్నచోట ఆ ఫోను నంబరుతోనే ఏసీ మోడల్, గత మరమ్మతులు, వార్షిక నిర్వహణ ఒప్పందం గడువు తెర మీదికి వస్తాయి. గ్యాస్ నింపి రెండు నెలలే అయిందని కనిపిస్తే, లీకు వెతికే సామగ్రితో వెళ్లాలని బయల్దేరకముందే తెలుస్తుంది. భవానీపురంలో ఉన్న టెక్నీషియన్‌ను నగరం ఈ చివరికి పిలిపించకుండా, పటమటలో పని ముగిస్తున్నవారికి ఆ కార్డు వెళుతుంది.

పని జరిగే చోట సెల్‌ఫోన్ యాప్‌దే ముఖ్య పాత్ర. వచ్చిన వేళ, వెళ్లిన వేళ, చేసిన పని, మార్చిన విడిభాగం అందులో నమోదవుతాయి. ఒక్కో టెక్నీషియన్ సంచిని ఒక్కో చిన్న గోదాముగా లెక్కిస్తారు. మార్చిన కెపాసిటర్ అక్కడే ఆ సంచి లెక్కలోంచి తగ్గి బిల్లులోకి ఎక్కుతుంది. వినియోగదారు సంతకమో ఓటీపీయో అందాక కార్డు మూతపడి, యూపీఐ క్యూఆర్‌తో సహా బిల్లు తయారవుతుంది. సెల్లార్లలో సిగ్నల్ అందదు కనుక నెట్ లేకున్నా యాప్ పనిచేసి, తర్వాత వివరాలు పంపగలగాలి.

ఇలా పోగైన వేళల నుంచే అసలు ధర తేలుతుంది. నెలకు 20,000 రూపాయల జీతగాడు 25 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తే 200 గంటలు. గంటకు 100 రూపాయలు. అందులో రోజుకు 3 గంటలు దారిలోనూ ఎదురుచూపుల్లోనూ పోతే బిల్లు వేయగల గంటలు 125 మాత్రమే. అప్పుడు గంట ఖర్చు 160 రూపాయలు. వంద లెక్కన ధర కట్టిన యజమాని ప్రతి గంటకూ 60 రూపాయలు చేతి నుంచి పెట్టుకుంటున్నట్టే. అద్దె, పెట్రోలు ఇంకా ఇందులో చేరలేదు.

వార్షిక ఒప్పందాల లెక్క మరో రకం. ఏడాదికి ముందుగా వచ్చిన 12,000 రూపాయలు ఆ రోజు ఆదాయం కాదు. నెలకు వెయ్యి చొప్పున ఆదాయంగా రాసుకోవాలి. జీఎస్టీ మాత్రం అలా ఆగదు. సేవలకు తీసుకున్న అడ్వాన్సుపై పన్ను అందినప్పుడే వర్తిస్తుంది. 18 శాతం చొప్పున ఇక్కడ 2,160 రూపాయలు. విజయవాడ వినియోగదారుకైతే ఆ పన్ను కేంద్రానికి 9, రాష్ట్రానికి 9 శాతంగా విడిపోతుంది. అదే సంస్థ ఖమ్మంలో జీఎస్టీ నమోదు ఉన్న ఆసుపత్రికి సేవ చేస్తే అది తెలంగాణ కాబట్టి రాష్ట్రాల మధ్య సేవలకు వేసే ఐజీఎస్టీ పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఈ తేడాను చిరునామా చూసి తానే గుర్తించాలి.

చట్టం పెట్టిన గడువులూ సాఫ్ట్‌వేరే గుర్తు చేయాలి. సాధారణంగా సేవ అందించిన 30 రోజుల్లోగా ఇన్‌వాయిస్ ఇవ్వాలి. వార్షిక టర్నోవరు 5 కోట్లు దాటిన సంస్థలు ఇతర వ్యాపారులకిచ్చే బిల్లులకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి. కంపెనీలుగా నమోదైనవాటి లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దిద్దుబాటూ తేదీతో సహా నిలిచి ఉండాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సూక్ష్మ, చిన్న సంస్థలకు రావలసిన బాకీని కొనుగోలుదారు ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి ఆపరాదని 2006 నాటి చట్టం చెబుతోంది. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చక్రవడ్డీ అడగవచ్చు. ఏ బాకీ ఎన్నో రోజున ఉందో తెలియని సంస్థకు ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది.

ఎంపికకు దారులు రెండు. నెలవారీ చందాతో ఇంటర్నెట్‌లో వాడుకునేవి మొదటి రకం. చెన్నై కేంద్రంగా ఉన్న జోహో ఇందుకు పేరున్న ఉదాహరణ. సోర్సు కోడ్ అందరికీ తెరిచి ఉంచినవి రెండో రకం. ముంబయి నుంచి వచ్చిన ఈఆర్‌పీ నెక్స్ట్ అలాంటిది. మొదటిదానిలో ఖర్చు నెలనెలా ఉంటుంది. రెండోదానిలో అమర్చి, నడిపే నిపుణులు కావాలి. ఏది తీసుకున్నా, మానుకునే రోజున తమ వివరాలన్నీ ఎక్సెల్ ఫైళ్లుగా వెనక్కి వస్తాయో లేదో ముందే తేల్చుకోవాలి. వినియోగదారుల చిరునామాలు 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిధిలోకి వచ్చే సమాచారం. సిబ్బందిలో ఎవరు ఏది చూడవచ్చో హద్దులుండాలి. టెక్నీషియన్ ఎక్కడున్నాడో చూసే సౌకర్యం డ్యూటీ వేళలకే పరిమితం కావాలి.

ఈ సాఫ్ట్‌వేర్ విఫలమయ్యే చోట్ల కారణం తరచూ ఒకటే: సిబ్బంది పని ముగిశాక సాయంత్రం గుర్తున్నంత మేరకు వేళలు నింపడం. తప్పుడు వేళల మీద కట్టిన ధర కూడా తప్పే అవుతుంది. అందుకే అన్ని విభాగాలూ ఒకేసారి మొదలుపెట్టకుండా, ముందు జాబ్ కార్డు, తర్వాత బిల్లు, చివరకు జీతాలు, లెక్కలు చేర్చడం మేలు. కొనడానికి ముందు ఒక్క నెల, చేసిన పనుల సంఖ్యనూ వేసిన బిల్లుల సంఖ్యనూ కాగితం మీద పక్కపక్కన రాసి చూడాలి. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడాయే ఆ సంస్థకు సాఫ్ట్‌వేర్ ఎంత అవసరమో, దానిమీద ఎంత ఖర్చు పెట్టవచ్చో చెబుతుంది.