ఊళ్ల పేర్లు, మనుష్యుల పేర్లు
(శతజయంతి సభలలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలలో పెద్దలు మిషనరీ దొరలను గూర్చి, గుడులు, బడులు, ఆసుపత్రులను గూర్చి మాటలాడుచున్నారు. నాకు పేర్లను గూర్చి మాటలాడమన్నారు. భాషాశాస్త్రంలో ఇదొక శాఖ. నామ విజ్ఞానం అంటారు. ఊళ్ల పేర్లు, ఇంటిపేర్లు, మనుష్యుల పేర్లు ఎట్లా పుట్టాయి, నోళ్లలో పడి ఎట్లా మారాయి అని చూచే విద్య ఇది. తెలుగులో ఈ పని శ్రద్ధగా చేసినవారున్నారు. కథకులుగా మనకు తెలిసిన కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊళ్ల పేర్లమీదనే పరిశోధన చేసి డాక్టరేటు పొందారు. శాసనాల్లో కనిపించే ఊళ్ల పేర్లను ఎస్. ఎస్. రామచంద్రమూర్తిగారు పరిశీలించారు. నేను అంతటివాడను కాను. వేదాంత కళాశాలలో నేర్చుకొన్న కొద్దిపాటి హీబ్రూ, సంఘాల్లో తిరుగుతూ విన్న తెలుగు, ఇవే నా పెట్టుబడి.

అయినా ఈ అంశం ఒప్పుకొన్నందుకు ఒక కారణం ఉంది. శతజయంతి పేరుమీద మన పాస్టరేట్లలో చివికిపోయిన బాప్తిస్మపు రిజిస్టర్లను కొత్త పుస్తకాల్లోకి, కంప్యూటర్లలోకి ఎక్కిస్తున్నాము. మంచి పనే. అయితే ఎక్కించే పిల్లలు పేర్లను దిద్దుతున్నారు. ఒక చోట పెంటమ్మ అని ఉన్నదాన్ని పద్మ అని వ్రాశారు. అడిగితే, “ఆ పేరు బాగా లేదండి, వాళ్ల మనుమలు చూస్తే బాధపడతారు” అన్నారు. ఆ పిల్ల మనసు మంచిదే. కాని ఆ దిద్దుబాటుతో ఏమి పోతుందో చెప్పాలని ఇక్కడ నిలబడ్డాను.

ముందు ఊళ్ల సంగతి చూద్దాము. తెలుగు ఊరి పేరుకు సాధారణంగా రెండు భాగాలుంటాయి. చివరి భాగం అది ఎటువంటి చోటో చెప్తుంది: ఊరు, పల్లె, కొండ, కుంట, మడుగు, లంక, గూడెం, పాలెం, పేట. మొదటి భాగం ఆ చోటి గుర్తు. జమ్మలమడుగు అంటే జమ్ము పెరిగిన మడుగు. గోల్కొండ గొల్లల కొండ. మన హీబ్రూ పేర్లూ ఇట్లాంటివే. బేత్ అంటే ఇల్లు. బేతేలు దేవుని ఇల్లు, బేత్లెహేము రొట్టెల ఇల్లు. మనం ఎంతో భక్తితో పలికే ఆ పేరు, చింతలపూడి, గుంటూరు అన్నట్టుగా, ఆ చోటివారు వాడుకొన్న మామూలు పేరే.

వస్తువు పోయినా పేరు నిలుస్తుంది. హైదరాబాదులో మాసబ్ ట్యాంకు ఉన్నది. అక్కడ బస్సు దిగేవారిలో చాలామందికి అది మాసాహెబా అనే రాణిగారి పేరున వచ్చిన చెరువని తెలియదు. చెరువు పోయి ఎంతో కాలమైంది. పేరు మాత్రం “ఇక్కడ నీళ్లుండేవి” అని చెప్తూనే ఉన్నది. మన పల్లెల్లోనూ నీళ్లు లేని కుంటలు, చెట్లు లేని తోపులు పేర్లలో ఎన్ని ఉన్నాయో లెక్కవేయండి.

పేరుకు అర్థం చెప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. చెవికి వినపడినదే అర్థమని చెప్పేవారు మనలో ఎక్కువ. కాకినాడను ఇంగ్లీషువారు కోకనాడ అని వ్రాసేవారు. కెనడా బాప్తిస్టు మిషనరీలు వచ్చి తమ దేశం పేరు కలిపినందువల్ల ఆ పేరు వచ్చిందని మన క్రైస్తవుల ఇళ్లలోనే చెప్పుకొంటారు. ఆ మిషనరీలు అక్కడికి వచ్చినది 1874లో. కోకనాడ అన్న పేరు అంతకు ఎన్నో ఏండ్లు ముందే దొరల కాగితాల్లో ఉన్నది. కథ మనకు తియ్యగా ఉన్నది కనుక నిలిచింది, అంతే. అట్లాగే ఊరి పేరు చివర “పాడు” ఉన్నదని కొందరు చిన్నబుచ్చుకొంటారు. పాడుపడిన చోటు అనుకొని. పాత తెలుగులో పాడు అంటే ఊరు అనే అర్థమూ ఉన్నది. సిగ్గుపడవలసినది ఏమీ లేదు.

ఒక్కొక్క పేరుకు రెండు అర్థాలూ పొసగుతాయి. నెల్లూరులో ఉన్నది నెల్లి, అంటే ఉసిరి చెట్టా, లేక నెల్లు, అంటే వడ్లా? రెండూ చెప్తారు. బైబిలే ఇట్లాంటి చోట తొందరపడలేదు. ఆదికాండములో బెయేర్షెబాకు ఒకచోట అబ్రాహాము ప్రత్యేకించిన ఏడు గొఱ్ఱెపిల్లల కథ ఉన్నది. మరొకచోట ఇస్సాకు చేసిన ప్రమాణం తరువాత ఆయన దాసులు త్రవ్విన బావి కథ ఉన్నది. హీబ్రూలో ఏడుకు, ప్రమాణానికి మాట ఒకే మూలంనుండి వస్తుంది. వ్రాసినవారు రెండింటినీ ఉంచారు, ఒకటి కొట్టివేయలేదు.

ఇంకొక సంగతి నాకు మరీ ఇష్టం. లాబాను, యాకోబు కలిసి రాళ్లకుప్ప వేశారు. లాబాను తన అరామిక్ భాషలో దానికి యగర్‌శాహదూతా అని పేరు పెట్టాడు. యాకోబు హీబ్రూలో గలేదు అన్నాడు. రెండింటికీ అర్థం ఒకటే, సాక్షిగా ఉండే కుప్ప. సరిహద్దు ఒకటి, భాషలు రెండు. మన ఓరుగల్లు ఇట్లాంటిదే. ఓరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి, రెండూ పాత ద్రావిడ మాటలు. పండితులు దాన్నే ఏకశిలానగరం అన్నారు. గుంటూరును గర్తపురి అన్నారు. గర్త అంటే గుంటే. ఇప్పుడు రాయిని కల్లు అనే తెలుగువారు లేరు. అయితే ఆనాటివారికి ఆ మాట తెలుసునని ఆ సంస్కృతపు పేరే మనకు సాక్ష్యమిస్తున్నది. ఒక పేరు చెరిపి రెండవది ఉంచితే ఆ సాక్ష్యం ఉండదు.

ఇంటిపేర్ల దగ్గరకు వస్తే రిజిస్టర్ల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఇల్లు–ఇంటి, కన్ను–కంటి అన్నట్టు, ఊరి పేరు ఇంటిపేరైనప్పుడు రూపం మారుతుంది. వేమూరువారు వేమూరి వారవుతారు. కొండవీడు కొండవీటి అవుతుంది. “పాడు”తో ముగిసే ఊరినుండి వచ్చినవారి ఇంటిపేరు “పాటి”తో ముగుస్తుంది. కాబట్టి ఇంటిపేరు చూచి, ఆ కుటుంబం విడిచి వచ్చిన ఊరును చాలాసార్లు పట్టుకోవచ్చు. 1876–78 కరువులో ఊళ్లు విడిచినవారు, కాలువల పనికి వలస వచ్చినవారు మన సంఘాల్లో ఎందరో. వారికి తామ్రపత్రాలు లేవు, వంశచరిత్రలు వ్రాసినవారు లేరు. ఉన్నది ఇంటిపేరు చివరి ఆ “టి” ఒక్కటే. ఎక్కించేవారు దాన్ని తప్పుగా కొడితే ఆ కుటుంబానికి ఊరే లేకుండా పోతుంది.

ఇప్పుడు పెంటమ్మ దగ్గరకు వద్దాము. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, దక్కిన బిడ్డను పెంటకుప్పమీద ఒక్క క్షణం పడుకోబెట్టి మళ్లీ ఎత్తుకొని పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టేవారు. ఇది పనికిరాని బిడ్డ, దీనిమీద ఎవరి కన్నూ పడకూడదని. బిచ్చమెత్తి దక్కించుకొంటే బిచ్చయ్య, బిచ్చమ్మ. విస్తరాకులమీద దొర్లించితే పుల్లయ్య, పుల్లమ్మ. అన్ని కులాల్లోనూ ఈ పేర్లున్నాయి. ఆ పేరు వెనుక పేరు పెట్టించుకోకుండానే పోయిన అన్నలు, అక్కలు ఉన్నారు. వారిని గూర్చి మరెక్కడా వ్రాసి ఉండదు. పెంటమ్మను పద్మ చేస్తే, ఆ తల్లి కడుపుకోత కూడా ఆ గడిలోనుండి తుడిచివేసినట్టే. పద్మ అన్న పేరు ఎవరికైనా ఉండవచ్చును.

బాప్తిస్మములో పేరు మార్చుకొన్నవారి సంగతి వేరు. నేను పనిచేసిన సంఘాల పాత రిజిస్టర్లలో ఎల్లయ్య దేవదానం అయ్యాడు, పోలమ్మ సువార్తమ్మ అయింది. ఆశీర్వాదం, సమాధానం, కృపావరం, జీవరత్నం వంటి పేర్లు ఆ తరంలో విరివిగా వచ్చాయి. ఇవన్నీ సంస్కృతపు మాటలు. ఎల్లయ్యను ఆసామి నోట “అయ్య” తీసివేసి ఎల్లిగాడు అనడం తేలిక. ఆశీర్వాదం అన్న పేరును అట్లా విరవడం అంత తేలిక కాదు. విరిచినవారు ఉన్నారు, లేరనను. అయినా నోరు కొంచెం కష్టపడవలసి వచ్చింది. నా దృష్టిలో మన తాతలు ఎన్నుకొన్న పేర్లలో ఈ తెలివి కూడా ఉన్నది. ఆడవారి పేర్లు చూడండి: రాహేలమ్మ, రూతమ్మ, ఎస్తేరమ్మ. హీబ్రూ పేరుకు తెలుగు “అమ్మ” చేర్చారు. ఊరిలో ఎవరూ అమ్మ అని పిలువని స్త్రీని పేరు పెట్టి పిలిస్తే చాలు, అమ్మ అని పలుకవలసి వచ్చేట్టు చేశారు. దయచేసి ఆ అమ్మను కత్తిరించకండి.

సామేలు అని ఉన్నదాన్ని శామ్యూల్ అని, దావీదును డేవిడ్ అని దిద్దడం కూడా వద్దు. తెలుగు మాట అచ్చుతో ముగియాలని కోరుతుంది. అందుకే దావీదు, యాకోబు, పేతురు. బైబిలులోనే ఒక పేరు భాష మారితే రూపం మార్చుకొన్నది. పాత నిబంధనలోని యెహోషువ, గ్రీకు దారిన వచ్చిన యేసు మూలంలో ఒకే పేరు. మిర్యాము, మరియ ఒకే పేరు. కతోలికులలో పేతురు రాయప్ప, పౌలు చిన్నప్ప. ఇన్ని రూపాల్లో ఏది సరియైనది అని అడిగితే, ఆ మనిషిని తల్లి ఎట్లా పిలిచిందో అదే సరియైనది అంటాను.

ఒక చేదు విషయం కూడా చెప్పాలి. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను ముఖ్యంగా హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు వర్తించలేదు. అందువల్ల మన ఇళ్లలో బడిలో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉన్న మనుష్యులు తయారయ్యారు. దానియేలు స్నేహితులను తలచుకోండి. బబులోనులో నపుంసకుల అధిపతి వారికి వేరే పేర్లు పెట్టాడు. మన సండేస్కూలు పిల్లలకు షద్రకు, మేషాకు, అబేద్నెగో తెలుసు. హనన్యా, మిషాయేలు, అజర్యా ఎవరంటే చాలామంది చెప్పలేరు. అయినా గ్రంథం వారి మొదటి పేర్లనూ వ్రాసి ఉంచింది. మనమూ పాత రిజిస్టర్లలో ఉన్న రెండు పేర్లనూ ఉంచుదాము. అయితే బ్రదికి ఉన్నవారి విషయంలో అట్లా కాదు. వారి రెండవ పేరు వ్రాయాలో వద్దో వారే చెప్పాలి. ఆ పుస్తకాలు దారిన పోయేవారికి చూపించేవి కావు. ఈ మాట సంఘ కార్యదర్శులు గుర్తుంచుకోవాలి.

మార్చవలసిన పేర్లు లేవా అంటే, ఉన్నాయి. కులం పేరుతో పిలిచే పల్లెలు, గూడేలు మన ఊళ్లకు ఒక పక్కన ఉండేవి. అక్కడివారు ఆ పేరు వద్దని కొత్త పేరు పెట్టుకొంటే మనం సంతోషంగా ఆ పేరే పలకాలి. పేరు మోసినవారికి దాన్ని దించే హక్కు ఉంటుంది. నేను చెప్పేదల్లా ఎవరో మూడవవాడు, అడగకుండా, అందంకోసం మార్చకూడదని. పాత పేరు రిజిస్టరులో ఉన్నచోటనే ఉండనివ్వాలి. ఎవరిని ఎక్కడ ఉంచారో రేపటివారికి తెలియాలి కదా.

ఆ రిజిస్టర్లలో “ఊరు” అన్న గడిని ఎవరూ పట్టించుకోరు. శ్రీశైలం జలాశయంలో 1980ల మొదట్లో ఊళ్లు మునిగాయి. పోలవరం ముంపులోనూ ఊళ్లు ఖాళీ అయ్యాయి. అట్లా పోయిన ఊరి పేరు బాప్తిస్మపు పుస్తకంలో దొరకవచ్చు. బేతేలు మొదటి పేరు లూజు. ఆ పట్టణం ఇశ్రాయేలీయుల పాలైనప్పుడు బ్రదికి బయటపడిన ఒక మనిషి హిత్తీయుల దేశమునకు వెళ్లి అక్కడ ఒక పట్టణం కట్టి, దానికి లూజు అనే పేరు పెట్టాడని న్యాయాధిపతుల గ్రంథంలో ఉన్నది. ముంపు ఊళ్లవారు కొత్త కాలనీకి పాత ఊరి పేరు పెట్టుకొంటే అధికారులు నవ్వవచ్చును. మనం నవ్వకూడదు.

కనుక ఎక్కించే యౌవనస్థులకు నా మనవి ఇది. ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి. అక్షరం చెదిరితే అక్కడ చుక్కలు పెట్టండి, ఊహించి పూరించవద్దు. ఒకే మనిషి పేరు మూడుచోట్ల మూడు విధాలుగా ఉంటే మూడూ వ్రాయండి. ముసలివారి దగ్గరకు వెళ్లినప్పుడు “ఈ పేరుకు అర్థమేమిటి” అని మొదలుపెట్టకండి, వెంటనే ఒక కథ కట్టి చెప్తారు. “మీ అమ్మ ఈ చేనును ఏమనేది? ఈ బావిని ఏమనేవారు? ఆమెను ఇంట్లో ఎట్లా పిలిచేవారు?” అని అడగండి. వారు పలికినట్టే, దీర్ఘాలు, ఒత్తులు పోకుండా వ్రాసికొనండి. అర్థాలు తరువాత చూచుకోవచ్చును. చెప్పగలవారు ప్రతి సంఘంలోనూ ఇద్దరో ముగ్గురో మిగిలి ఉన్నారు. ఈ ఆదివారం ఆరాధన కాగానే వారి ఇండ్లకు వెళ్లి మొదలుపెట్టండి.