వెలుగని కంప్యూటరు – కరెంటు జాడ

(వార్షికోత్సవ సభలో చేయబడిన ప్రసంగము యొక్క పాఠము)



1931లో విజయనగరము–రాయపూరు రైలుమార్గము పూర్తియైన నాటినుండి తెలుగువారికి ఛత్తీస్‌గఢ్ ప్రాంతము పొరుగిల్లు వంటిదైనది. ఉద్యోగరీత్యా వచ్చి రాయపూరు, ధర్సీవా ప్రాంతములలో నివసించుచున్న తెలుగు కుటుంబములకు నేడు కంప్యూటరు ఒక బీరువా వంటిది. పిల్లల పాఠములు, ఇంటి లెక్కలు, స్వగ్రామపు భూమి కాగితముల నకళ్లు, తాతగారి షష్టిపూర్తి నాటి ఛాయాచిత్రములు అన్నియు అందులోనే ఉండును.

హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను స్థాపింపబడిన కాలమున కంప్యూటరు అనగా ప్రత్యేకమైన గది, శీతల యంత్రము, దానిని కనిపెట్టుకొని యుండు నిపుణులు. నేడు ఆ నిపుణుని స్థానములో ఇంటి యజమానియో, ఇల్లాలో ఉన్నారు. అందుచేత మీట నొక్కినను యంత్రము పలుకని నాడు ఏమి చేయవలయునో తెలిసియుండుట అవసరము. తెలియనివారు రెండు విధములుగా నష్టపోవుదురు. కొందరు వందల రూపాయలతో పోవు లోపమునకు వేల రూపాయలు పోసి క్రొత్త యంత్రమును కొందురు. మరికొందరు పాతదానిని తూకమునకు అమ్మివేసి, అందులోని కాగితములను, చిత్రములను శాశ్వతముగా పోగొట్టుకొందురు.

గోదావరి డెల్టాలో శివారు చేనికి నీరందకపోయినచో రైతు చేనిలో నిలబడి దుఃఖింపడు. తూము మొదలుకొని గట్టు వెంట నడచి, ఎంతవరకు నీరున్నదో చూచును. నీరున్న చోటికిని లేని చోటికిని నడుమనే గండి యుండును. కంప్యూటరు విషయమునను ఇదియే పద్ధతి. గోడనుండి మీట వరకు కరెంటు నడచు దారిని ఒక్కొక్క అడుగుగా పరీక్షింపవలయును. ఒకేసారి నాలుగు మార్పులు చేసినచో, ఏ మార్పువలన యంత్రము బాగుపడినదో తెలియదు.

మొదటి ప్రశ్న: ఆగినది యంత్రమా, తెర మాత్రమేనా? పంకా తిరుగు ధ్వని వినిపించినను, దీపము వెలిగినను పెట్టెకు కరెంటు అందుచున్నదని అర్థము. అప్పుడు తెర యొక్క మీటను, తీగను చూడవలయును. అవి బాగున్నచో ర్యామ్ పలక కదలియుండవచ్చును. తీగ పూర్తిగా ఊడదీసిన పిమ్మట, ఆ పలకను తీసి తిరిగి గట్టిగా అమర్చుటతో అనేక యంత్రములు పలుకును.

ధ్వనియు దీపమును లేనిచో, గోడ వద్దకు పోవలయును. అదే సాకెట్టులో బల్ల దీపమును పెట్టి చూచుట చాలును. అది వెలిగినచో, తరువాత స్పైక్ బస్టరును, యూపీఎస్‌ను తప్పించి కంప్యూటరు తీగను నేరుగా గోడకు తగిలింపవలయును. యూపీఎస్‌లోని బ్యాటరీ కొన్ని సంవత్సరములకు అరిగిపోవును; అప్పుడు నింద మాత్రము కంప్యూటరుపై పడును. పెట్టె వెనుక చిన్న స్విచ్చి ఉన్నచో అది సున్న వైపున గాక నిలువు గీత వైపున నొక్కబడియుండవలయును. కొన్ని పాత పెట్టెలకు 115, 230 అను అంకెలు గల జారుడు మీట యుండును. మన దేశమున అది 230 వద్దనే యుండవలయును. 115 వద్ద నుంచినచో లోపలి భాగములు కాలిపోవును.

ల్యాప్‌టాప్ విషయములో అడాప్టరును తీసివేసి, బ్యాటరీ ఊడునదైనచో దానిని కూడ తీసి, మీటను 30 సెకనులపాటు నొక్కి పట్టవలయును. పిదప అడాప్టరు మాత్రమే తగిలించి చూడవలయును. లోపల నిలిచియున్న విద్యుత్తు తొలగి, యంత్రము తెప్పరిల్లుట కలదు.

ఇంతవరకు గృహస్థుని పని. పెట్టె లోపలి పవర్ సప్లై 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టులకు తగ్గించి పంచును. గోడలో కరెంటు నిండుగా ఉన్నను ఇది చెడినచో మదర్‌బోర్డునకు ఏమియు చేరదు. దేవుడు వరమిచ్చినను పూజారి ఇయ్యకుండుట యన్న నిదియే. మదర్‌బోర్డుపై చిన్న దీపము వెలుగుచున్నచో వరము కొంతవరకు చేరినదని గ్రహింపవలయును. అప్పుడు ముందరి మీటను అనుమానింపవచ్చును. రీసెట్ మీట తీగను పవర్ మీట కొసలకు తగిలించి నొక్కి చూచుట మెకానిక్కు చేయు సులభమైన పరీక్ష. బోర్డుపై కెపాసిటర్ల తలలు ఉబ్బియున్నచో లోపము అచ్చటనే యుండవచ్చును.

ఒక్క హెచ్చరిక. పవర్ సప్లై డబ్బాను ఇంటిలో ఎవ్వరును విప్పరాదు. తీగ ఊడదీసిన తరువాత కూడ అందులోని కెపాసిటరులో 300 వోల్టులకు పైబడి నిలిచియుండవచ్చును. కాలిన వాసన వచ్చినను, పొగ కనబడినను మరల మీట నొక్కరాదు.

ధర్సీవాలో ఈ చిక్కులకు స్థానికమైన కారణములు కూడ కలవు. సమీపమున సిల్తరా పారిశ్రామిక ప్రాంతములో స్పాంజ్ ఐరన్, ఉక్కు కర్మాగారములు పనిచేయుచున్నవి. గాలిలోని ధూళి పంకాల వెంట పెట్టెలోనికి చేరును. వేసవిలో అది గాలిదారిని మూసి వేడిని పెంచును. వర్షాకాలమున తేమతో కలసినపుడు, ఇనుప రజను గల ధూళి కరెంటునకు అడ్డదారి కల్పింపగలదు. కావున వర్షములకు ముందు ఒకసారి, దీపావళికి ఇల్లు దులుపునపుడు మరియొకసారి, తీగ ఊడదీసి మెత్తని కుంచెతో పెట్టెను శుభ్రము చేయవలయును. ఉరుములు వినబడగానే స్విచ్చి ఆపుట చాలదు. ప్లగ్గును, ఇంటర్నెట్ తీగను కూడ పెరికివేయవలయును. పెట్టె లోహభాగమును తాకినపుడు చేయి చిమచిమలాడినచో ఎర్తింగు సరిగా లేదని గ్రహించి ఎలక్ట్రీషియనును పిలువవలయును.

పెన్షనుదారులకు ఒక ధైర్యవచనము. 2014 నవంబరులో ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ పద్ధతిలో జీవిత ధ్రువపత్రమును ముఖచిత్రము ద్వారా చేతిఫోనునుండియే పంపవచ్చును. నవంబరు మాసమున కంప్యూటరు మూగబోయినంత మాత్రమున పెన్షను ఆగునని భయపడనక్కరలేదు.

పవర్ సప్లై కాలినను, మదర్‌బోర్డు చెడినను, అక్షరములును చిత్రములును దాగియున్న డిస్కు వేరు. దానిని తీసి వేరొక యంత్రమునకు తగిలించినచో చాలసార్లు అన్నియు యథాతథముగా దొరకును. కొన్ని యంత్రములు డిస్కునకు సంకేతపు తాళము వేయును. ఆ తాళపు సంఖ్యను ముందుగానే కాగితముపై వ్రాసి భద్రపరచుకొనవలయును. మరమ్మతునకు ఇచ్చునపుడు “డిస్కులోని దేనిని చెరపవలదు” అని ముందే చెప్పవలయును. అమ్మదలచినపుడు డిస్కును తీసి ఉంచుకొనవలయును. ముఖ్యమైన వానికి వేరొకచోట నకలు ఉంచుట అన్నిటికన్న మేలు. విత్తనములను ఒకే గాదెలో పోయని రైతునకు ఒక గాదె తడిసినను మరుసటి పంట తప్పదు.