వేలిముద్ర వేసే ముందు



వ్యవసాయశాఖవాడికి దస్తావేజులతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. మట్టి నమూనాల కోసం ఊళ్లోకి వెడితే, అరుగుమీద కూర్చున్న పెద్దాయన ఎరువుల మాట అయ్యాక రొంటిన దోపుకున్న కాగితం తీసి, "ఇందులో ఏం రాశారో కాస్త చదివిపెట్టు బాబూ" అనడం మాకు కొత్త కాదు. తీరా చూస్తే దానిమీద ఆయన వేలిముద్ర అప్పటికే పడి ఉంటుంది. విత్తనాలు కొనేటప్పుడు గుప్పెట్లో పోసుకుని చూస్తాం, మొలకకట్టి చూస్తాం. నాలుగెకరాలు చెయ్యి దాటించే కాగితాన్ని మాత్రం చదివించుకోము.

ముఖ్యంగా తెలుసుకోవలసిన తేడా ఒకటున్నది. వీలునామా రాస్తే మీరు బతికున్నంతకాలం భూమి మీదే. మనసు మారితే దాన్ని రద్దుచేసి మరొకటి రాయవచ్చు. దానసెటిల్మెంటు అలా కాదు. అది రిజిస్టరై, పుచ్చుకున్నవారు ఒప్పుకున్నారంటే భూమి వారిదైపోతుంది. రేపు అన్నం పెట్టలేదని మీ అంతట మీరు దాన్ని రద్దు చేసుకోలేరు. "వీలునామాయే నాన్నా, వేలు పెట్టు" అని సెటిల్మెంటు రాయించుకునే ప్రబుద్ధులు లేకపోలేదు. అందుకని దస్తావేజు లేఖరి రాసింది, ఆస్తిలో వాటా లేని మనిషిచేత ఇంకొకసారి చదివించుకోండి. తొందరపెట్టేవారి దగ్గర మరీ జాగ్రత్త.

బిడ్డలందరూ ఇలాంటివారని నేననడం లేదు. చాలా ఇళ్లల్లో మంచంమీది ముసలివారికి సేవచేసేది కోడలే, అనుమానం ముందుగా పడేదీ ఆమెమీదనే. ఇది న్యాయం కాదు.

పిల్లలకు ఇవ్వదలిస్తే ఇవ్వండి. కాని "నన్ను పోషించాలి, నా అవసరాలు చూడాలి" అన్న షరతు దస్తావేజులోనే రాయించండి. బతికున్నంతకాలం ఫలసాయం మీదేనని కూడా రాయించుకోవచ్చు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షను ప్రకారం, 60 ఏళ్లు నిండినవారు ఇలాంటి షరతుతో ఆస్తి ఇచ్చి, పుచ్చుకున్నవారు చూడకపోతే, ఆ బదిలీని మోసంతోనో ఒత్తిడితోనో జరిగినట్టుగా భావించి ట్రిబ్యునలు రద్దు చెయ్యవచ్చు. షరతు ఉన్నట్టు చూపాలని 2022లో సుప్రీంకోర్టు అన్నది. ఈ చట్టాన్ని పెద్దల మేలు కోరి ఉదారంగా చూడాలని 2025లో మరో తీర్పులో చెప్పింది. కోర్టు ఉదారంమీద భారం వెయ్యడం కంటే ఒక్క వాక్యం రాయించడం సుళువు గదా!

ఖాళీ కాగితంమీద, ఖాళీ ప్రామిసరీ నోటుమీద వేలు పెట్టవద్దు. పి.ఎం. కిసాన్ డబ్బు తీసుకునేటప్పుడు మిషనుమీద వేలు ఎన్నిసార్లు పెట్టించారో గమనించండి, చీటీ అడిగి తీసుకోండి.

గ్రామాలలో పనిచేసే మా తోటివారికి ఒక మాట. పెద్దాయనను అడిగిన ప్రశ్నకు ప్రతిసారీ పక్కవాడే జవాబు చెబుతున్నాడా? పాసుపుస్తకం, ఫోను మరొకరి దగ్గరే ఉంటున్నాయా? అయితే చేను చూసే నెపంతో ఆయనను ఒంటరిగా గట్టుమీదికి తీసుకువెళ్లి మాట్లాడండి. ఇంట్లో నలుగురి ముందూ అడిగితే "అంతా బాగానే ఉంది" అంటాడు. మీరు వెళ్లిపోయాక బతకవలసింది ఆయన వాళ్లతోనే.

మోసం జరిగిందనుకుంటే, మన రాష్ట్రాలలో ఆ ట్రిబ్యునలు రెవిన్యూ డివిజనల్ అధికారి దగ్గర ఉంటుంది. దరఖాస్తు మీరే ఇవ్వవచ్చు, ప్లీడరు అక్కరలేదు. కదలలేని స్థితిలో ఉంటే మీరు ఒప్పజెప్పిన మనిషి ఇవ్వవచ్చు. సలహాకు 14567 నంబరుకు ఫోను చెయ్యవచ్చు, దానికి డబ్బు పడదు. దరఖాస్తుకు దస్తావేజు నకలు జతపరచండి. మీ దగ్గర లేకపోతే, అది రిజిస్టరైన కచేరీలో రుసుము కట్టి తీసుకోవచ్చు.