ప్రాణదాతల ఋణము



రెండవ ప్రపంచ యుద్ధమునాటి సాహస గాథలు పెక్కు కలవు. వానిలో ఒక గాథ అడవిలో మొదలై, పల్లె బడిలోను గ్రంథాలయములోను ముగిసినది. గ్రంథాలయ రజతోత్సవ సభలో స్మరింపదగిన గాథ అది.

1943 జూన్ 5వ తేదీన ఫ్రెడ్ హార్గెషైమర్ అను అమెరికా వైమానికుడు న్యూ బ్రిటన్ దీవిమీదుగా పోవుచుండెను. న్యూగినీకి తూర్పుననున్న ఆ దీవి నాడు జపాను సేనల వశమున నుండెను. వారి స్థావరములను ఛాయాచిత్రములు తీయుట ఆయన పని. ఇంతలో శత్రువుల గుండ్లు తగిలి విమానము చెడిపోయెను. ఆయన పారాచూటుతో దూకి కీకారణ్యమున పడెను.

దారి లేదు, తోడు లేదు. చెంతనున్న కొద్దిపాటి చాకొలెట్టు కొలది దినములలో అయిపోయెను. ఏటిలోని నత్తలను ఏరి, కాల్చుకొని తినుచు ఆయన 31 దినములు ప్రాణము నిలుపుకొనెను. అప్పుడు వేటకు వచ్చిన నకనై జాతివారు ఆయనను చూచి, సముద్రతీరమునగల తమ పల్లెకు కొనిపోయిరి.

నకనై వారికి ఈ యుద్ధముతో సంబంధము లేదు. వచ్చినవాడు తమ జాతివాడు కాడు, చుట్టము కాడు. జపాను గస్తీదళములు ఆ ప్రాంతముననే తిరుగుచుండెను. పరదేశిని పట్టియిచ్చినచో వారికి ఏ చిక్కును లేదు; దాచినచో ఊరికే ముప్పు. ఇది తెలిసియే వారు ఏడు నెలలు ఆయనను దాచిరి. తమకున్న దానిలో ఇంత పెట్టిరి. మలేరియా సోకి ఆయన అన్నము ముట్టలేని దినములలో బాలింతరాలొకతె తన చనుబాలు పిండి యిచ్చి బ్రతికించెను. తల్లి ఋణము తీరదని పెద్దలందురు. ఆ పల్లె అంతయు ఆయనకు తల్లియే అయ్యెను.

1944 ఫిబ్రవరిలో, ఆ దీవిలో రహస్యముగా పనిచేయుచున్న ఆస్ట్రేలియా సైనికుల సాయమున, ఒక అమెరికా జలాంతర్గామి ఆయనను తీరమునుండి తీసికొనిపోయెను.

యుద్ధము ముగిసెను. ఆయన వివాహమాడి, ఉద్యోగమున కుదురుకొనెను. అయినను ఆ పల్లె మనసునుండి తొలగలేదు. 1960లో మరల అచటికి పోయెను. పిల్లలకు బడి లేదు. స్వదేశమునకు మరలి మూడేండ్లు చందాలు వసూలుచేసి 15,000 డాలర్లు కూర్చెను. వానిలో పెక్కు ఐదేసి, పదేసి డాలర్ల చందాలే. 1963లో పదునేడేండ్ల కుమారుని వెంటబెట్టుకొని వెళ్లి బడి కట్టించుటకు పూనుకొనెను. తరువాతి కాలమున ఇంకొక బడి, వైద్యశాల, గ్రంథాలయములు వెలసెను. 1970లో ఆయనయు భార్య డొరొతీయు అచటికే వెళ్లి, నాలుగేండ్లు పిల్లలకు తామే చదువు చెప్పిరి.

2000లో నకనై వారు ఆయనకు వీరనాయకుడను బిరుదమిచ్చిరి. 2006లో తొంబదియేండ్ల ఆయనను కుర్చీలో కూర్చుండబెట్టి, అడవిలో దొరికిన ఆయన విమాన శకలముల కడకు మోసికొనిపోయిరి. 2010 డిసెంబరులో, తన 94వ యేట, ఆయన కన్నుమూసెను.

ప్రాణమునకు వెల కట్టి చెల్లించుట ఎవరి తరము? అది ఎరిగియే ఆయన ఆ ఋణమును ప్రాణదాతల బిడ్డలకు అక్షరముల రూపమున చెల్లింపసాగెను. దానికి మూలధనము ఎందరో యిచ్చిన చిన్న చందాలు. పల్లెలోని గ్రంథాలయమును అట్టి చందాలతోనే నిలుచును. ఇచట ఒక పుస్తకము చదివి మేలు పొందినవారు, రేపటి పిల్లల చేతికి ఇంకొక పుస్తకము అందింతురు గాక!